అక్క చదివినంత వరకే

"రక్తంల ఉన్నదే, మాధవీ! మా పెద్దమ్మకు ఉండె, మా అమ్మకు ఉండె, ఇప్పుడు దీనికి వచ్చింది. ఎవరో నేర్పితే వచ్చేది కాదు గది."

"రక్తమట, రక్తం! రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని నడుం విరగ్గొట్టుకునేది నేనండీ. మీరు ఆఫీసు క్యాబ్ దిగేసరికి అది నిద్రపోయి ఉంటుంది. మీ రక్తం ఏ టైముకొచ్చి నేర్పి వెళ్తోందో చెప్పండి."

"నువ్వు కూసుంటెనే వస్తదా? పక్క ఫ్లాట్ పిల్లగాని దగ్గర వాళ్ళమ్మ కూసుంటలేదా? వానికెందుకు వస్తలేదు మరి?"

"అత్తయ్యకు మాత్రం ఎలా వచ్చిందట? వాళ్ళక్క రోజూ పైకి వల్లెవేస్తుంటే విని విని వచ్చింది. మీరే కదా చెప్పారు. అది ప్రాక్టీసు కాదూ?"

"వింటె అందరికి వస్తదా? అదే ఇంట్ల మా అమ్మమ్మ గూడ విన్నది. ఆమెకు రాలే."

"అందుకే అంటున్నాను. హాస్టల్లో పడేస్తే దాని పక్కన ఎవరు కూర్చుంటారండీ? ఆర్నెల్లు చూడండి, అంతా మర్చిపోతుంది."

"మర్వదు. ఉన్నది ఏడికి పోతది?"

వాళ్ళిద్దరూ నన్ను సాక్షిగా నిలబెట్టి కొట్లాడుకుంటుంటే నేను అక్కడే కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఒక్కరైనా నా వైపు తిరిగి నీకెట్లా వచ్చిందని అడగలేదు. శ్రీను నా కొడుకు. కంప్యూటర్ కంపెనీలో పని. పొద్దున రాయదుర్గం వైపు పోతే దీపాలు పెట్టిన చాలాసేపటికి గానీ ఇల్లు చేరడు. ఆ రోజు మాత్రం పెందరాళే వచ్చాడు. మాధవి నా కోడలు, గుంటూరు వైపు పిల్ల. వాళ్ళు "అది, అది" అంటున్నది నా మనవరాలు ఆద్యను. నాలుగో తరగతి. ఎంత లెక్క అడిగినా కాగితం ముట్టకుండా నోటితోనే చెప్పేస్తుంది. తెల్లవారితే దానికొక పరీక్ష. తెలివైన పిల్లలను ఏరి, ఊరవతల తమ హాస్టల్లోనే ఉంచుకుని చదివించే బడి ఒకటుందట. పరీక్షలో నెగ్గితే పెట్టె సర్దుకుని పోవడమే, పండుగలకు తప్ప ఇంటికి పంపరు. పుట్టుకతో వచ్చిన బుర్ర, మామూలు బళ్ళో పెడితే పాడైపోతుందని ట్యూషన్ సారు అన్నాడు. శ్రీను ఆ మాట పట్టుకున్నాడు. తాను పక్కన లేకపోతే ఆ బుర్ర పనిచేయదని మాధవి అంటుంది. పిల్ల పోతుందా, ఉంటుందా అన్నది ఆ సాయంత్రం మా ఇంట్లో తేలాలి.

"సరే, నేను పక్కన లేకుండా అడగండి, చూద్దాం" అని మాధవి వంటింట్లోకి పోయింది. శ్రీను ఏదో పెద్ద లెక్క అడిగాడు. బల్ల దగ్గర కూర్చున్న ఆద్య తండ్రి వైపు చూడలేదు. తల కొంచెం వంచి, గోడా కప్పూ కలిసే మూలకు, ఏసీ గొట్టం లోపలికి వచ్చే చోటుకు చూసింది. తెలిసినవాళ్ళెవరో అక్కడ కనిపించినట్టు పెదవి ఒక పక్కకు నవ్వింది. ఆ తరువాత జవాబు చెప్పింది. సరైనదే. నా చేతిలోని చిక్కుడుకాయ జారిపోయింది. ఆ చూపు, ఆ నవ్వు నాకు తెలుసు. వాటిని నేను చూసి ఒక జీవితకాలమైంది. పిల్లకు ఎవరూ నేర్పి ఉండరు. నేర్పగలిగిన మనిషి దాని తండ్రి పుట్టకముందే మట్టిలో కలిసిపోయింది.

ఆ రోజు నుంచే ఇది రాయాలని బుద్ధి పుట్టింది. కాగితాలు కొనలేదు. మాధవి ఆద్యతో లెక్కలు రాయించిన కాగితాలు వెనుక వైపు తెల్లగా ఉంటాయి, వాటిని పారేయడానికి నాకు చేయి రాదు. కిటికీకి అడ్డం పెట్టి చూస్తే నా అక్షరాల వెనుక దాని అంకెలు కనిపిస్తాయి. ఒక్కోచోట ఏది ఎవరి రాతో నాకే తెలియదు.

ఇప్పుడు మా ఫ్లాట్లున్న ఈ పుప్పాలగూడలోనే నేను పుట్టాను. ఇంత ఎత్తున కాదు, కింద నేల మీద. అప్పుడు చుట్టూ బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి మధ్య మేసే మా బర్రెలు. ఇల్లంతా పేడ వాసన, తవుడు కలిపిన కుడితి వాసన, పిడకల మీద సన్నగా కాగే పాల వాసన. ఇంటి పెత్తనం మా నాయినమ్మది. జొన్నలు చెరుగుతుంటే ఎగిరిపడిన గింజను కూడా తడివేలితో అద్ది తీసి చేటలో వేసేది. అందరూ తినగానే దీపం ఆర్పేది. "బువ్వ తిన్నరు గద, ఇగ దీపమెందుకు? ఒకల మొకాలొకలు చూసుకుంట కూసుంటరా?" అనేది. గ్యాసునూనె మిగలాలి. ఇప్పుడు మా ఇంట్లో మనిషి లేని గదిలో లైటు వెలిగితే నేను అరుస్తానని మాధవి నవ్వుతుంది. ఆ అరుపు నాది కాదు, మా నాయినమ్మది.

దీపం ఆరేది కాబట్టి మా అక్క అనసూయ చదువు సగం చీకట్లోనే నడిచింది. పగలు బడిలో పలక మీద రాసింది సాయంత్రం చీకట్లో వల్లెవేసేది. పన్నెండొకట్ల పన్నెండు, పన్నెండ్రెళ్ళు ఇరవై నాలుగు. పక్కన గొంగడిలో పడుకుని నేను వినేదాన్ని. ముఖం కనిపించదు, గొంతు ఒక్కటే. ఎక్కడైనా అక్క ఆగితే నాకు ఊపిరి ఆగినట్టుండేది. తరువాతి అంకె వస్తే మళ్ళీ ఆడేది. నేను నేర్చుకుంటున్నానని నాకు తెలియదు. చూరు మీద వాన పడుతుంటే విన్నట్టు వినేదాన్ని.

అక్కకూ నాకూ నడుమ పుట్టినవాళ్ళు దక్కలేదు. అందుకని నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి పెంటమ్మ అని పేరు పెట్టారు. చెత్త అనుకుని చావు ముట్టకుండా పోతుందని మావాళ్ళ నమ్మకం. చావు ముట్టలేదు, నిజమే, చదువూ ముట్టలేదు. పేరుతో పాటే తెలివిని కూడా పంచేశారు. అక్క సరస్వతి, నేను మొద్దు. అక్క బడికి, నేను బర్రెల వెంట. నన్ను ఎవరూ ఒక్క లెక్క అడిగి చూడలేదు. అక్కను మాత్రం ఇంటికి వచ్చిన చుట్టమల్లా అడిగేవాడు. అడిగినప్పుడల్లా అక్క ముందు ఇసుర్రాయి పైన ఉండే మూలకు చూసి, పెదవి ఒక పక్కకు నవ్వి, అప్పుడు చెప్పేది. "ఏం చూస్తవే గాడ?" అని ఒకసారి అడిగాను. "గాడ రాసుంటది" అంది. ఎవరూ లేనప్పుడు ఇసుర్రాయి ఎక్కి ఆ మూలంతా చేత్తో తడిమాను. సాలెగూడు తప్ప ఏమీ లేదు.

ఒక వానాకాలం ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. అక్కను బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. పోయేటప్పుడు ఎద్దులను అదిలిస్తూ పోయిన మా నాయిన, వచ్చేటప్పుడు అదిలించలేదు. అంతకంటే రాయడానికి లేదు.

దినాలు అయిపోయిన తరువాత ఒక సాయంత్రం నాయినమ్మ ఎప్పటిలాగే దీపం ఆర్పింది. ఆర్పగానే ఇంట్లో ఎక్కం మొదలైంది. పన్నెండొకట్ల పన్నెండు. మా అమ్మ కెవ్వున అరిచింది. నాయిన అగ్గిపుల్ల కోసం తడుముకుంటున్నాడు. పన్నెండ్రెళ్ళు ఇరవై నాలుగు, పన్నెండ్మూళ్ళు ముప్పై ఆరు. నేనూ భయపడి గొంగడి ముఖం మీదికి లాక్కున్నాను. గొంతు గొంగడి లోపలికి వచ్చింది. అప్పుడు తెలిసింది, చెప్తున్నది నేనేనని. అగ్గిపుల్ల వెలిగేసరికి ముగ్గురూ నన్నే చూస్తున్నారు. దీపం పెట్టమని ఆ ఒక్క రోజు నాయినమ్మే అంది.

తెల్లవారి అత్తాకోడళ్ళకు కొట్లాట.

"దీన్ని బడికి పంపుదాం. అనసూయ పేరు గాడ ఉండనే ఉన్నది. పలక ఉన్నది, లంగ ఉన్నది. ఊకె పాడుజేసుకుంటమా?"

"నా బిడ్డ లంగ దీనికి తొడుగుతవా? నీకు మనసెట్లొస్తదత్తా?"

"మనసు సంగతి నాకు తెల్వది. గుడ్డ చినుగలే."

గుడ్డ చినగలేదు కాబట్టి నేను బడికి పోయాను. పాత సారుకు అప్పుడే బదిలీ అయింది. పోతూ పోతూ, అనసూయ అనే పిల్ల ఉంది, బంగారం, జాగ్రత్తగా చూసుకోండని కొత్త సారుకు చెప్పి పోయాడట. కొత్త సారు హాజరు పిలుస్తూ "అనసూయ" అన్నాడు. నాయినమ్మ చెప్పి పంపినట్టే "హాజర్ సార్" అన్నాను. అక్క కూర్చునే చోటు చాప మీద ఖాళీగానే ఉంచారు. నన్ను అక్కడే కూర్చోబెట్టారు. ఇటు పిల్ల ఇటు, అటు పిల్ల అటు జరిగారు. చనిపోయిన పిల్లను పిలిచాడని ఆ గదిలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఎవరూ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో అని భయం.

సారు లెక్క అడిగాడు. నేను ముందు పైన మూలకు చూశాను. అక్కడేమీ కనిపించలేదు. అయినా అక్క అట్లా చూశాకే చెప్పేది కాబట్టి అట్లా చూడటం కూడా లెక్కలో భాగమే అనుకున్నాను. చూసి, పెదవి ఒక పక్కకు నవ్వి, జవాబు చెప్పాను. సారు సంబరపడ్డాడు. పిల్లలు ఇంకొంచెం దూరం జరిగారు. ఆ ఏడు పరీక్షల్లో మా అక్క పాసైంది. ఊరవతల మట్టికుప్ప మీద అప్పటికి గడ్డి మొలిచింది.

లంగా తొడగనివ్వనన్న మా అమ్మే తరువాత మారిపోయింది. నాకు అక్కలా పాపిట తీసి, అక్కలాగే జడ వేసేది. పెంటీ అని పిలవడం మెల్లగా మానేసింది. చింతచిగురు పప్పు చేసి "నీకిష్టం గద" అని ఎక్కువ వడ్డించేది. ఇష్టం అక్కకు. నాకు పులుపు పడదు, పళ్ళు జివ్వుమంటాయి. కానీ ఒకరోజు గిన్నె ఊడ్చుకుని తిన్నాక చూసుకుంటే, నాకే ఇంకొంచెం కావాలనిపించింది. ఎప్పటి నుంచి ఇష్టమైందో ఎంత తలుచుకున్నా అందలేదు. అలవాటైంది అని ఇప్పుడు తేలిగ్గా రాయవచ్చు. అప్పుడు ఆ ఖాళీ గిన్నె చూసి నాకు చెమటలు పట్టాయి.

అమ్మ బర్రెలకు గడ్డి కోసుకుని వచ్చేటప్పుడు, నెత్తిన మోపుతోనే బడి కిటికీ దగ్గర ఆగి నన్ను చూస్తుండేది. నేను సరైన జవాబు చెప్తే ఆమె ముఖం వెలిగేది. తప్పు చెప్తే ఆ ముఖంలో అక్క మళ్ళీ చచ్చిపోయేది. అందుకని నేను తప్పు చెప్పకూడదు. తక్కిన పిల్లలకు తప్పు చెప్తే చేతి మీద బెత్తం దెబ్బ. నాకు అట్లా తేలిగ్గా పోయేది కాదు.

అక్క పదహారో ఎక్కం దాకా చదివింది. ఒకరోజు సారు నన్ను నిలబెట్టి పదిహేడోది చెప్పమన్నాడు. అంతకు ముందురోజే పలక మీద రాయించాడు, అందరూ రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను. నోరు తెరిచాను. గొంతు రాలేదు. మూలకు చూశాను. మూల మూలగానే ఉంది. చీకట్లో నాకు ఎవరూ చెప్పని అంకె అది. ఆగిన చోట ఊపిరి ఆగిపోయింది, తరువాతిది వచ్చి ఆడించడానికి ఎవరూ లేరు. కిటికీ బయట గడ్డిమోపు కింద పడిన చప్పుడు. "పాయెనా! నా బిడ్డ మల్ల పాయెనా!" అని మా అమ్మ శవం ముందు ఏడ్చినట్టు ఏడుపు అందుకుంది. కొత్త సారుకు ఆ రోజే తెలిసింది, తాను ఏడాదిగా హాజరు వేస్తున్నది ఎవరికో. ఆయన చేతిలో సుద్దముక్క విరిగిపోవడం నాకు గుర్తుంది. తెల్లవారి నాయినమ్మ నా చేతికి బర్రె తాడు ఇచ్చింది. నా చదువు అంతే. తరువాతి చదువంతా పొట్లాల కాగితాల మీద.

పదిహేడో ఎక్కం నాకు ఈనాటికీ రాదు. ఇన్నేళ్ళ పాల వ్యాపారం నోటిలెక్కతోనే నడిపిన దాన్ని, రోజూ పాలు పోయించుకునే వాడికపోళ్ళెవరూ నన్ను మోసం చేయలేదు. కానీ పదిహేడు దగ్గరికి వస్తే పక్కదారిన పోయి కూడుకుని వస్తాను. మరి నాకు వచ్చినదంతా అక్కదా, నాదా? వినడం వల్ల వచ్చిందంటే పదిహేడోది రాసుకుని, విని కూడా ఎందుకు రాలేదు? రక్తంలోనే ఉందంటే అక్క ఆగిన చోటే ఎందుకు ఆగింది? పాలు పిండి, తోడుపెట్టి బతికినదాన్ని కాబట్టి నాకు తెలిసిన లెక్కలో చెప్తాను. నీళ్ళకు ఎంత తోడు వేసినా పెరుగు కాదు. పాలు ఎంత చిక్కనివైనా తోడు లేకుండా ఊరికే ఉంచితే విరిగిపోతాయి. ఆ తోడు ఎప్పుడూ నిన్నటి గిన్నెలోదే అయి ఉంటుంది, చాలాసార్లు ఇంకొకరి ఇంటిది. ఇంతవరకు నాకు అనుమానం లేదు. అయితే తోడు వేశాక గిన్నెను కదపకుండా ఒక మూల పెట్టి మరిచిపోవాలి. మాటిమాటికి మూత తీసి చూస్తే తోడుకోదు. నన్ను మూత తీసి చూసింది మా అమ్మ. ఇప్పుడు ఊరు ఊరంతా మూతలు తీసి చూస్తోంది. రాయదుర్గం మెట్రో దిగి బయటికి వస్తే పెద్ద పెద్ద బోర్డుల మీద పిల్లల ముఖాలు, ముఖం కింద ర్యాంకు అంకె. మా కాలంలో ఒక మనిషి ఫోటోను అంత పెద్దది చేయించి గోడకు ఎక్కించేది చచ్చిపోయాకే. ఆ బోర్డుల కింద నడిచేటప్పుడు నేను తలెత్తను.

ఆ సాయంత్రం సంగతికి వస్తాను. లెక్క సరిపోయింది గనుక శ్రీను "చూస్తివా!" అని అరిచాడు. మాధవి వంటింట్లోంచి "నిన్న నేను చేయించిన లెక్కేనండీ అది!" అని అరిచింది. "అమ్మా, నువ్వన్న చెప్పు. పుట్టుకనా, నేర్పుడా?" అన్నాడు శ్రీను, ఇన్నాళ్ళకు నేనొకదాన్ని ఉన్నానని గుర్తొచ్చి.

"జర ఇద్దరు నోరు మూసుకోండ్రి" అన్నాను. అని ఆద్యను దగ్గరికి పిలిచి, "బిడ్డా, లెక్క చెప్పేముందు ఆ మూలకేం చూస్తవు?" అని అడిగాను. మాధవి గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కడ ఉంటుంది కదా నానమ్మా."

"ఏముంటది?"

"ఇంకో నేను."

శ్రీను నవ్వబోయి ఆగాడు. నా వీపు మీద ఎవరో తడిచేయి పెట్టినట్టయింది. గొంతు మామూలుగా ఉంచుకుని, "ఏం చేస్తదామె?" అన్నాను.

"ఏం చెయ్యదు. చెప్తుంది అంతే. తనకు తప్పు రాదు. నాకైతే వస్తుంది." పిల్ల ఒకసారి తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకు వస్తే మమ్మీ ఫేస్ ఒకలాగా అయిపోతుంది. డాడీ ఫోన్ చూసుకుంటాడు. అందుకే తననే చెప్పనిస్తాను."

కుక్కర్ కూత పెట్టింది, ఎవరూ కదలలేదు.

"నానమ్మా, హాస్టల్‌కు తనను పంపించి, నేను ఇక్కడే ఉండొచ్చా?" అంది ఆద్య. ఏడుస్తూ కాదు. పక్కింటికి ఆడుకోవడానికి పోవచ్చా అని అడిగినట్టే అడిగింది.

మాధవి గరిటె అక్కడే కింద పెట్టి వచ్చి, పిల్లను ఒళ్ళోకి లాక్కుని, దాని ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇది ఎవరి ముఖమో అన్నట్టు చూసింది. శ్రీను ఆ మూలకేసి చూస్తూ నిలబడిపోయాడు. కొంచెంసేపటికి పోయి కుక్కర్ కింద మంట ఆర్పింది నేనే. అన్నాల దగ్గర పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. పంపుదామని గాని, మానుదామని గాని ఎవరి నోటా రాలేదు.

మా ఇంట్లో అందరినీ లేపేది నేనే. పొద్దెక్కేదాకా పడుకున్న మనిషికి నా ఇంట్లో టీ దొరకదు. మరునాడు నేను లేచి పాలు కాచాను, ఆద్యను లేపలేదు. శ్రీను తనంతట తానే లేచి, స్నానం చేసి, బూట్లు వేసుకుని, కారు తాళాలు పట్టుకుని పిల్ల గది ముందుకు వచ్చాడు. లోపల మంచం పక్కన నేల మీద మాధవి కూర్చుని ఉంది. "టైమైతున్నది" అన్నాడు చిన్నగా. మాధవి అక్కడి నుంచి లేవలేదు. తరువాత హాల్లోకి పోయి కూర్చుని బూట్ల లేసులు విప్పుకున్నాడు.

ఎండ మంచం మీదికి వచ్చాక ఆద్య సగం కళ్ళు తెరిచింది. "పరీక్ష టైమైందా?" అంది.

"అయిపోయింది" అన్నాను.

"నేను రాశానా?"

"లేదు."

"మరి తను?"

"ఆమె గూడ పోలేదు బిడ్డా. ఎవ్వరు పోలేదు."

పిల్ల గోడ వైపు తిరిగి మళ్ళీ నిద్రపోయింది. ఎండ ముఖాన పడకుండా మాధవి లేచి పరదా లాగింది.